పిల్లల చేతికి ఏ కథల పుస్తకం ఇద్దాం?

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద చదువు గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. స్కాలర్‌షిప్పులు, పదో తరగతి మార్కులు, ఆడపిల్లల కాలేజీ చదువు, అన్నీ అవసరమైన మాటలే. ఈసారి కార్యదర్శి గారు నన్ను చదువు మీదే మాట్లాడమన్నారు గాని, నేను ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. సంఘం ఈ ఏడు పిల్లల కోసం ఒక బీరువా పుస్తకాలు కొనాలని తీర్మానించింది. ఏం కొనాలి అన్న దగ్గర కమిటీలో మాటా మాటా వచ్చింది. జనరల్ నాలెడ్జి కొనమని ఒకరు, ఇంగ్లీషు గ్రామరు కొనమని ఒకరు, దీనీ పుస్తకాలు చాలునని ఒకరు అన్నారు. నేను "కథల పుస్తకాలు, అందులోనూ సాహస కథలు, అద్భుత కథలు కొందాం" అన్నాను. ఒక పెద్దాయన నవ్వి, "మాస్టారూ, రాక్షసుల కథలకు చందా డబ్బులు పోస్తామా?" అన్నారు. ఆయన మాట తీసెయ్యదగ్గది కాదు. పదీ పరకా చేర్చి కట్టిన చందా డబ్బు అది. అంచేత ఆ ప్రశ్నకే ఇవాళ జవాబు చెప్పుకుంటాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది చెప్పకుండా మీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు.

సుమారు 35 ఏళ్ల కిందటి మాట. నేను ఏడో తరగతికి తెలుగు చెబుతున్నాను. వెనక బెంచీలో మన వాళ్ల పిల్లవాడు ఒకడు వాచకం నిటారుగా నిలబెట్టి, దాని వెనక ఇంకేదో చదువుతున్నాడు. వెళ్లి లాక్కున్నాను. పాత చందమామల్లోంచి ఒక సీరియల్ పేజీలు విడదీసి, వరుసగా పేర్చి, గట్టి అట్ట వేసి కుట్టిన బైండు అది. ఆ రోజుల్లో అలా బైండు చేసుకోవడం చాలా ఇళ్లల్లో ఉండేది. ఆ సీరియల్ 'రాకాసిలోయ'. నేను చిన్నప్పుడు ప్రాణం పెట్టి చదివిన కథే. అయినా పంతులు హోదా ఉంది చూశారూ, అది ఊరుకోనివ్వదు. "పాఠం చదవడం రాదు గాని దయ్యాల కథలు కావాల్సి వచ్చాయా" అని నలుగురిలో తిట్టి, బైండు తీసుకెళ్లి స్టాఫ్ రూము బీరువాలో పడేశాను. సంవత్సరం చివర ఇద్దామనుకున్నాను. మరచిపోయాను. ఆ బైండు వాడిది కాదనీ, పక్కింటి వాళ్లను బతిమాలి తెచ్చుకున్నాడనీ తరువాత తెలిసింది. ఆ తరువాత ఆ పిల్లవాడి చేతిలో వాచకం తప్ప మరో పుస్తకం నేను చూడలేదు. పదో తరగతి తప్పాడు, మెకానిక్కు పనిలో చేరాడు. మెకానిక్కు పని గౌరవమైన పని, దాన్ని నేను తక్కువ చెయ్యను. నా బాధ వేరు. చదువు రాదని నేను తిట్టిన ఆ క్షణంలోనే వాడు ఇష్టంగా, చెమటలు పట్టేలా చదువుతున్నాడు. నేను దాన్ని చదువని గుర్తించలేదు.

8 ఏళ్ల నుంచి 12, 13 ఏళ్ల దాకా ఉన్న వయసు ఒక రేవు లాంటిది. అంతకు ముందు పిల్లలు అక్షరాలు కూడబలుక్కుంటారు. ఆ తరువాత పరీక్షల హోరులో పడతారు. ఈ మధ్యలో నాలుగైదేళ్లలో చదవడం అలవాటుగా మారిందా, జన్మంతా ఉంటుంది. మారలేదా, ఆ పడవ దాటిపోయినట్టే. మన పిల్లలకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. అమ్మీ పిలిచే భాష ఒకటి, ఆడుకునే భాష ఒకటి, మార్కులు తెచ్చే భాష ఒకటి. మూడూ వచ్చినట్టే ఉంటాయి, ఏ ఒక్క దాంట్లోనూ రెండు వందల పేజీలు ఆగకుండా చదివే సత్తువ రాదు. ఉర్దూ విషయంలో మన జిల్లాకు ఒక ప్రత్యేకత కూడా ఉంది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. అంతకు ముందు పాత పది జిల్లాల్లో ఆ హోదా లేనిది మన ఖమ్మం ఒక్కటే. కారణాలు ఏవైనా, మన పిల్లలు ఎక్కువమంది చదవగలిగేది తెలుగే. చింతూరు, కూనవరం వైపు నుంచి వచ్చిన మన బంధువులున్నారు. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాష్ట్రం మారినా వాళ్ల పిల్లలు చదివే తెలుగు పుస్తకం, మన పిల్లలు చదివే తెలుగు పుస్తకం ఒకటే గదా.

సత్తువ ఎలా వస్తుంది? గ్రామరుతో రాదు. "తరువాత ఏమైంది?" అన్న ఆత్రంతో వస్తుంది. ఆ ఆత్రం పుట్టించడంలో సాహస కథను మించింది లేదు. తెలియని మాట ఎదురైతే పాఠంలో అయితే పిల్లవాడు ఆగిపోతాడు. కథలో అయితే దాన్ని దూకి ముందుకు పోతాడు. పది పేజీల తరువాత అదే మాట మళ్లీ వచ్చేసరికి అర్థం దానంతట అదే తెలిసిపోతుంది.

పైగా మన ప్రాంతం పిల్లలకు ఇది పరాయి సంగతి కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అప్పుడు సామాను నెత్తిన పెట్టుకుని మెరక ప్రాంతాలకు పరుగెత్తినవాళ్లు ఈ సభలో ఉన్నారు. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు వీళ్ల పిల్లలూ మనవలూ ఆ పరుగు చూశారు. వరద వస్తే లంకలు మునిగిపోవడం, నీళ్లు తీశాక కొత్త ఇసుక మేటలు పుట్టుకు రావడం ఇక్కడి పిల్లలకు తెలుసు. సింద్‌బాద్ ద్వీపమనుకుని దిగింది ద్వీపం కాదు, పెద్ద చేప వీపు అని చెబితే పట్నం పిల్లలు వింతగా వింటారు. మన పిల్లవాడు "ఔను, కాళ్ల కింద నేల కదిలిపోతుంది" అని తల ఊపుతాడు. తునికాకు కోతకు వెళ్లే దారులు, ఇప్పచెట్లు, కిన్నెరసాని వైపు అడవి, పాపికొండల నడుమ మలుపు తిరిగే నది, ఇంత సరంజామా చుట్టూ పెట్టుకుని మనం పిల్లలకు సెల్‌ఫోను ఇచ్చి మూల కూర్చోబెడుతున్నాం.

ఇక పెద్దాయన ప్రశ్నకు వస్తాను. మంత్రాలు, మాయలు ఉన్న కథలు మన పిల్లలకు ఇవ్వొచ్చా? నేను ఆలిమ్‌ను కాను. నేను చెప్పేది ఫత్వా కాదు. జాదూ చెయ్యడం, చేయించడం మనకు నిషిద్ధమన్న సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. కాని కథలో జిన్నాతు వచ్చిందని కథ వదిలేసిన ఇల్లు మన పెద్దల కాలంలో లేదు. మన దాదీలు, నానీలు హాతిమ్ తాయి ఏడు ప్రశ్నల కథ చెప్పలేదా? దాస్తానె అమీర్ హంజాలో తిలిస్మాలు ఎన్ని లేవు? ఆ దాస్తాన్లలోంచి వచ్చిన 'తిలిస్మె హోష్రుబా'ను లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్సు 1880ల నుంచి సంపుటాలుగా అచ్చువేసింది. అచ్చువేసిన ఆయన హిందువు, రాసినవాళ్లు ముస్లింలు, చదివినవాళ్లు అందరూ.

తెలుగులోనూ ఇంతే. చందమామ 1947 జులైలో మొదలైంది. దాని తొలినాళ్ల గొప్ప ఆకర్షణ దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు. 1954లో మొదలైన 'తోకచుక్క' నుంచి 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు సీరియళ్లు రాశారాయన. అవి ఎవరివని అడిగితే చాలామంది పాఠకులు చెప్పలేకపోయేవారు, ఎందుకంటే పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. ఆ సీరియళ్లకు చిత్ర గారు బొమ్మలు వేశారు. ఆ రంగుల బొమ్మల కోసమే పత్రిక తెరిచేవాళ్లం మేము. తమాషా ఏమిటంటే, ఇన్ని మంత్రగాళ్లను, ఇన్ని రాక్షసలోయలను సృష్టించిన దాసరి గారు స్వయంగా హేతువాది. మంత్రాలను నమ్మని మనిషి మంత్రాల కథలు రాశాడు, చదివిన లక్షలాది పిల్లలు మంత్రగాళ్లు కాలేదు. పిల్లలకు కథ కథే అని తెలుసు. మనకే అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

అయినా ఏ ఇంటి పెద్దకైనా మనసు ఒప్పకపోతే వారి మాట మన్నించాలి. వారి పిల్లలకు మాయలు లేని సాహస కథలు బోలెడన్ని ఉన్నాయి. బీరువాలో రెండు అరలు పెడదాం. ఒక అరలో సాహసం, ఒక అరలో అద్భుతం. ఎవరికి ఏది కావాలో ఆ ఇంటివాళ్లే చూసుకుంటారు.

మాయలు లేని అర నిండడానికి ఏమేం ఉన్నాయో చెబుతాను. నండూరి రామమోహనరావు గారు స్టీవెన్‌సన్ 1883లో పుస్తకంగా తెచ్చిన 'ట్రెజర్ ఐలండ్'ను 'కాంచన ద్వీపం' అని తెలుగు చేశారు. మార్క్ ట్వేన్ 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'రాజూ పేదా' కూడా ఆయన చేతి మీదుగానే తెలుగులోకి వచ్చాయి. అనువాదమని తెలియనంత సాఫీగా ఉంటుంది ఆయన తెలుగు. 'హకల్‌బెరీ ఫిన్'లో ఒక అనాథ లాంటి కుర్రవాడు, పారిపోయిన ఒక నల్లజాతి బానిస, ఇద్దరూ తెప్ప మీద పెద్ద నదిలో పోతుంటారు. చట్టం ప్రకారం బానిసను పట్టివ్వాలి. కుర్రవాడి మనసు ఒప్పదు. గోదావరి ఒడ్డు పిల్లలకు ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది? అయితే అందులో నల్లవారిని ఆనాటి జనం పిలిచిన హీనమైన మాటలు ఉంటాయి. కాబట్టి దాన్ని పన్నెండు దాటినవాళ్లకు, పక్కన పెద్దవాళ్లుండి ఇవ్వాలి. పదేళ్లవాళ్లకు 'టామ్ సాయర్' చాలు.

జూల్స్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం' కథలో బొంబాయి నుంచి కలకత్తా దాకా మన దేశం మీదుగా కథ నడిపాడు. ఆయనదే ఇంకో సంగతి చెబితే మీకు సంతోషం కలుగుతుంది. సముద్రం అడుగున జలాంతర్గామిలో తిరిగే కెప్టెన్ నెమో ఎవరో మొదటి పుస్తకంలో చెప్పలేదు. 1875 నాటి 'మిస్టీరియస్ ఐలండ్'లో చెప్పాడు. ఆయన అసలు పేరు దక్కార్, బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, మన టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస, 1857లో తెల్లవారి మీద పోరాడి అన్నీ పోగొట్టుకున్నవాడు. ఇది కల్పనే సుమండీ, చరిత్ర కాదు. కాని ఒక ఫ్రెంచి రచయిత తన అన్ని కథల్లోకి గొప్ప వీరుడిగా టిప్పు బంధువును ఎంచుకున్నాడని తెలిస్తే మన కుర్రవాళ్లు ఆ పుస్తకం వదులుతారా?

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1937లో బెంగాలీలో రాసిన 'చాందేర్ పహాడ్' ఉంది. బెంగాల్ పల్లెటూరి కుర్రవాడు ఆఫ్రికా వెళ్లి, రైల్వేలో పని చేస్తూ, కొండల్లో వజ్రాల గనిని వెతకబోతాడు. సాహసాలు తెల్లదొరలకే రాసి పెట్టలేదని ఆ కథ చెబుతుంది.

ఇక ద్వీపం మీద ఒంటరి మనిషి అనగానే అందరూ రాబిన్‌సన్ క్రూసో పేరు చెబుతారు. అది 1719 నాటిది. అంతకు ఐదు వందల ఏళ్లకు పైగా ముందు, అండలూసియాలో ఇబ్న్ తుఫైల్ అనే వైద్యుడు, తత్వవేత్త 'హయ్య్ ఇబ్న్ యఖ్జాన్' అని అరబీలో ఒక కథ రాశాడు. మనుషుల్లేని ద్వీపంలో ఒక పసివాణ్ణి లేడి పాలిచ్చి పెంచుతుంది. ఆ లేడి చనిపోయినప్పుడు వాడు, "దీనిలోంచి ఏది వెళ్లిపోయింది?" అని ఆలోచించడం మొదలుపెడతాడు. ఒక్కొక్కటే చూసి, పరీక్షించి, ప్రపంచాన్నీ దాని సృష్టికర్తనూ తన బుద్ధితోనే తెలుసుకుంటాడు. ఇది 1671లో లాటిన్‌లోకి, 1708లో అరబీ నుంచి నేరుగా ఇంగ్లీషులోకి వచ్చింది. క్రూసో కథ మీద దీని ఛాయ ఉండి ఉండవచ్చని కొందరు పండితులంటారు. మూలం పెద్దలకు కూడా కష్టమే, పిల్లల చేతికి అలాగే ఇవ్వలేం. కాని రాత్రి పడుకునేటప్పుడు ఈ కథను నోటితో చెప్పడానికి ఏ తండ్రికైనా పావుగంట చాలు.

అద్భుతాల అరలోకి వస్తే, అరేబియన్ నైట్స్ ముందుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. పూర్తి గ్రంథం పెద్దల కోసం పుట్టింది, అందులో పిల్లలకు తగని కథలున్నాయి. "మన కథలే గదా" అని కళ్లు మూసుకుని కొనకండి. పిల్లల కోసం ఏరి కూర్చిన ప్రతులే తీసుకోవాలి. ఇంకో విశేషం, అల్లావుద్దీన్, ఆలీబాబా కథలు పాత అరబీ ప్రతుల్లో లేవు. అలెప్పో నగరానికి చెందిన హన్నా దియాబ్ అనే క్రైస్తవుడు 1709లో పారిస్‌లో గాలాండ్ అనే ఫ్రెంచి పండితుడికి నోటితో చెబితే అవి పుస్తకంలో చేరాయి. ఒక వలస వచ్చిన మనిషి నోటి మాట ప్రపంచమంతా పాకింది. మన దాదీలు చెప్పే కథలను కూడా ఎవరైనా రాసి పెట్టాలని ఇందువల్లే అంటాను.

ఆలీబాబా అనగానే మన తరానికి 1970 నాటి రామారావు గారి సినిమా గుర్తొస్తుంది. కాని కథలో అసలు బుద్ధిమంతురాలు మర్జియానా. ఇంటి పనిపిల్ల. దొంగ తలుపు మీద సుద్దగుర్తు పెడితే, వీధిలో అన్ని తలుపులకూ అదే గుర్తు పెట్టింది ఆమె. నూనె కూజాల్లో దొంగలున్నారని కనిపెట్టిందీ ఆమే. ఆలీబాబా అదృష్టవంతుడు, అంతే. ఈ సంగతి మన ఆడపిల్లలకు తప్పక చెప్పాలి. పుస్తకం ఎంచేటప్పుడు ఇది చూడండి, ఇందులో అమ్మాయి ఉందా, ఉంటే మేడ మీద కూర్చుని ఎవరో వచ్చి విడిపించాలని ఏడుస్తోందా, లేక తానే ఏదైనా చేస్తోందా? పన్నెండేళ్లు రాగానే వంటింటి పని పడి చదువు తగ్గేది మన ఇళ్లల్లో ఆడపిల్లలకే. బీరువా తాళం చెవి వాళ్లలో ఒకరి చేతిలో పెట్టాలని నా కోరిక.

రెండో పరీక్ష, ఈ కథలో చెడ్డవాడు ఎవరు? ఇది చాలా ముఖ్యం. నార్నియా కథల్లో 1954 నాటి 'ది హార్స్ అండ్ హిస్ బాయ్' ఉంది. కథ బిగువుగానే ఉంటుంది. కాని అందులో తలపాగాలు, వంపు కత్తులు, నల్లని మొహాలు ఉన్నవాళ్లంతా క్రూరులు. అది చదివిన మన పిల్లవాడికి మనసులో ముల్లు గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నట్టు వాడికే తెలియదు. సరే, మనకు కోపం వస్తుంది. మరి మన పక్కనున్న కోయ పిల్లవాడి సంగతి? పాత జానపద నవలలు చూడండి. అడవిలో ఉండేవాళ్లనగానే ఈకలు కట్టుకుని, మంట చుట్టూ గంతులేసి, మనుషులను బలిచ్చే ఆటవికులుగా రాశారు. మేమూ చిన్నప్పుడు చప్పట్లు కొట్టి చదివాం. నా తరగతిలో కోయ పిల్లలుండేవారు. అలాంటి పేజీ నేను గట్టిగా చదివినప్పుడు ఒక పిల్లవాడు తల దించుకున్నాడు. ఆ అడవిలో దారి తప్పితే మనల్ని ఇంటికి చేర్చేది వాళ్లే. మన గురించి తప్పుగా రాస్తే నొప్పి ఎలా ఉంటుందో తెలిసిన మనం, ఇంకొకరి గురించి తప్పుగా రాసినదాన్ని మన బీరువాలో పెట్టి ఊరుకోకూడదు.

అంటే అలాంటివన్నీ తగలబెట్టమని కాదు. అలా చేస్తే పాత పుస్తకాల్లో సగం మిగలవు. పెద్దవాళ్లు పక్కన కూర్చుని, "వీళ్లను ఇలా ఎందుకు రాశాడంటావు? నువ్వయితే ఎలా రాస్తావు?" అని అడగాలి. పదకొండేళ్ల పిల్లలు దీనికి మనకన్నా మంచి జవాబులు చెబుతారు.

మూడో పరీక్ష, మాయకు ఖరీదు ఉందా? మంచి అద్భుత కథలో మంత్రానికి ఒక కట్టుబాటు ఉంటుంది. అల్లావుద్దీన్ దీపంలోని జిన్నాతు దీపం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది, మంచివాడా చెడ్డవాడా అని చూడదు. అందుకే దీపం పోగానే అల్లావుద్దీన్ మేడా పోతుంది, భార్యా పోతుంది. అక్కడే కథకు ప్రాణం. కష్టం వచ్చినప్పుడల్లా ఆకాశం నుంచి ఒక వరం ఊడిపడే కథలో పిల్లవాడికి నేర్చుకునేది ఏమీ ఉండదు.

నాలుగోది వయసు. హ్యారీ పోటర్ అడగని పిల్లలు లేరు. 1997లో వచ్చిన మొదటి పుస్తకంలో ఆ కుర్రవాడికి 11 ఏళ్లు, ఏడోదానికి 17 ఏళ్లు. వాడితో పాటే కథ లావెక్కుతుంది, చీకటిగా మారుతుంది, చావులు ఎక్కువవుతాయి. మొదటిది నచ్చిందని పదేళ్లవాడికి ఏడూ ఒకేసారి కొనిపెట్టకండి. ఏడాదికి ఒకటి ఇవ్వండి, ఎదురుచూడటంలో కూడా ఆనందం ఉంది. మేము చందమామ కోసం నెలంతా చూడలేదా?

కష్టం ఎంతో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి చెబుతాను. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి పిల్లవాణ్ణి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం వచ్చే ఏడుకి. ఒకటి, రెండు ముడిస్తే ఇప్పుడే. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయా, అధ్యాయాలు పొట్టిగా ఉన్నాయా, బొమ్మలున్నాయా, ఇవి కూడా చూడాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదవలేమంటే మొదటి పది పేజీలు మనమే చదివి వినిపించి, మంచి చోట ఆపెయ్యాలి. మిగతాది వాళ్లే లాక్కుని చదువుతారు. తెలుగు చదవడం రాని అమ్మలు బెంగ పెట్టుకోవద్దు. "నాకు చదివి వినిపించు బేటా" అని రొట్టెలు చేస్తూ కూడా వినవచ్చు. వినేవాళ్లుంటే చదివేవాడికి హుషారు.

బీరువా నడిపే పద్ధతి గురించి రెండు ముక్కలు. చదివిన పుస్తకం మీద పరీక్ష పెట్టొద్దు. నీతి ఏమిటని అడగొద్దు. నచ్చకపోతే సగంలో వదిలేసే హక్కు పిల్లలకు ఉండాలి. చిరిగితే జుల్మానా వెయ్యొద్దు, చిరిగిన పుస్తకం చదివిన పుస్తకం. తాళం వేసి, అద్దాల వెనక మెరుస్తూ ఉండే పుస్తకాల వల్ల సంఘానికి ఫోటో వస్తుంది, పిల్లలకు ఏమీ రాదు. అన్నీ మనమే కొనక్కర్లేదు కూడా. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. ఆ గ్రంథాలయం మనది. నెలకొక ఆదివారం పిల్లలను వరసగా అక్కడికి తీసుకుపోతే ఖర్చు ఆటో కిరాయే.

చందా డబ్బుల మాట కూడా చెప్పి ముగిస్తాను. మన పెళ్లిళ్లలో చివరికి మిగిలిపోయి పారబోసే అన్నం విలువ లెక్క వేసుకోండి. అలాంటి రెండు పెళ్లిళ్ల వృథా ఆపితే మన బీరువా నిండుతుంది. ఇంతకన్నా ఆ విషయంలో మాట్లాడితే నన్ను ఇక ఎవరూ దావత్‌కు పిలవరు.

మొదట చెప్పిన పిల్లవాడి సంగతి మిగిలిపోయింది. రెండేళ్ల కిందట భద్రాచలం వారధి అవతల నా స్కూటరు ఆగిపోయింది. తోసుకుంటూ ఒక రిపేరు షాపుకు చేరాను. గడ్డం నెరుస్తున్న ఒకాయన వచ్చి సలాం చేసి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "సార్, గుర్తుపట్టారా?" అన్నాడు. వాడే. బండి బాగుచేశాడు, డబ్బు తీసుకోలేదు. నేను బయలుదేరబోతుంటే కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు, "సార్, ఆ రోజు మీరు తీసుకున్న పుస్తకంలో చివరికి ఏమైంది?"

ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి మనసులో ఆ కథ సగంలో ఆగి ఉంది. నాకు నోట మాట రాలేదు. ఆ సీరియళ్లు తరువాతి కాలంలో పుస్తకాలుగా కూడా వచ్చాయి. వెతికి సంపాదించి, తీసుకెళ్లి ఇచ్చాను. కథ నేను చెప్పలేదు. వాడి కూతురికి పదేళ్లు. రాత్రిళ్లు షాపు కట్టేశాక ఆ పిల్ల చదువుతుంటే తండ్రి వింటున్నాడట. చదవడం మరచిపోయాను సార్, కళ్లు ఆనడం లేదు అన్నాడు గాని, వినేటప్పుడు మధ్యలో ఆపనివ్వడట.

ఆ పిల్ల ఇవాళ ఇక్కడే, ముందు జంపఖానా మీద కూర్చుని ఉంది. బీరువా తాళం చెవి ఎవరికివ్వాలో నా మనసులో మాట కార్యదర్శి గారికి చెప్పాను. తక్కినది మీ ఇష్టం.